జడ్జి గారు ముందే అనుకుని తర్వాత రాస్తారా? తెనాలి వైపు నుంచి రాసిన అమ్మగారికి జవాబు

ప్రశ్న: మాది తెనాలి దగ్గర పల్లెటూరు. టీచరుగా రిటైరయ్యాను. 1981లో నా పెళ్లయింది. అమ్మ ముందే పోయింది, నాన్న 2001లో పోయారు. తాతల నాటి తొమ్మిదెకరాల మాగాణి ఉంది, నాకు ఇద్దరు తమ్ముళ్లు. వాటా కోసం 2012లో దావా వేస్తే 2017లో తీర్పు వచ్చింది, నాకు తొమ్మిదో వంతు, అంటే ఎకరం. నాన్న బతికుండగానే 1996లో పంచుకున్నామని తమ్ముళ్లు ఒక పారీకత్తు చూపించారు, అది రిజిస్టరు చేసింది కాదు. 2018 చివర్లో అదే కోర్టులో మా బాబాయి కూతురికి మాత్రం అన్నదమ్ములతో సమానంగా వాటా ఇచ్చారు. బాబాయి కూడా 1999లోనే పోయారు. చట్టం ఒకటే, సెక్షన్ ఒకటే, తేడా అల్లా జడ్జి మారారు, కొత్తగా వచ్చినావిడ ఆడ జడ్జి. నా అప్పీలు ఇప్పటికీ జిల్లా కోర్టులోనే ఉంది. జడ్జీలు ఆకలి మీద ఒకలా, తిన్నాక ఒకలా తీర్పిస్తారని మా అబ్బాయి ఏదో పరిశోధన ఫోన్లో పంపించాడు. నిజం చెప్పండి, జడ్జీలు ముందు మనసులో ఒకటి అనుకుని దానికి తగ్గ సెక్షన్లు తర్వాత వెతుక్కుంటారా? అలాగైతే నేను ఇంకా టెన్షన్ పడుతూ ఈ అప్పీలు లాగడం దేనికి?

జవాబు:

అమ్మా,

అప్పీలు వదలొద్దు. ఈ ఒక్క మాట ముందు చెప్పేస్తే మిగతాది స్థిమితంగా మాట్లాడుకోవచ్చు. 2017 నాటికి మీకు అడ్డం పడిన చట్టం 2020లోనే మారిపోయింది, మీ వైపుకే మారింది, మీ అప్పీలు ఇంకా తేలలేదు కాబట్టి ఆ మార్పు మీకు వర్తిస్తుంది. అయితే అది ఎంతవరకు పనికొస్తుందన్నది మీ తీర్పులో ఒక చోట ఏం రాసి ఉందన్న దాని మీద ఆధారపడుతుంది. ఆ చోటు ఏదో చెప్పాలంటే మీరడిగిన పెద్ద ప్రశ్నకి ముందు జవాబు కావాలి. ఆ ప్రశ్నని నేను తేలిగ్గా తీసుకోను, ఎందుకంటే కోర్టు మెట్లెక్కిన ప్రతి మనిషికీ ఏదో ఒక రోజు ఆ అనుమానం వస్తుంది, పైకి అడిగేవాళ్లే తక్కువ.

జడ్జీలు ముందే మనసులో ఒకటి అనుకుంటారా? చాలాసార్లు అనుకుంటారు. ఇదేం గుట్టు కాదు. జోసెఫ్ హచిసన్ అని అమెరికాలో ఒక ఫెడరల్ జడ్జి, టెక్సస్‌లో పనిచేసినాయన, 1929లో ఒక వ్యాసంలో తన గురించే బాహాటంగా రాసుకున్నాడు. కాగితాలన్నీ చదివి, వాదనలన్నీ విని, వాటి మీదే ఆలోచిస్తూ కూర్చుంటే ఒక దశలో ఇదీ సంగతి అని మనసుకి తడుతుందని, తనకి తీర్పు అలాగే వస్తుందని ఆయన చెప్పింది. ఆ రోజుల్లోనే అక్కడ రియలిస్టులని పేరు పడిన న్యాయశాస్త్రవేత్తలు కొందరు ఇంకా ముందుకెళ్లి, పుస్తకాల్లో ఉన్నది కాదు, కోర్టులు నిజంగా ఏం చేస్తాయో అదే చట్టం అన్నంత దూరం పోయారు. వాళ్లకి ముందు తరం సరిగ్గా దీనికి ఎదురు మాట చెప్పేది: చట్టం ఉంది, జరిగిన సంగతులున్నాయి, రెండూ పక్కపక్కన పెడితే లెక్క తేలినట్టు తీర్పు తేలుతుంది, జడ్జి ఇష్టాయిష్టాలకి అందులో చోటే లేదు అని. ఈ రెండు వాదాల మధ్య వందేళ్లుగా పుస్తకాల మీద పుస్తకాలు వచ్చాయి. నా మటుకు నాకు రియలిస్టులు తీర్పు ఎలా పుడుతుందో సరిగ్గానే చెప్పారనిపిస్తుంది, కానీ పుట్టిన తీర్పు ఎలా నిలబడుతుందన్నది వేరే ప్రశ్న, మీకు కావలసింది ఆ రెండోదే.

డాక్టరు గారు రోగిని చూస్తూనే ఇది టైఫాయిడ్ అనుకుంటారు. అనుకోవడం తప్పు కాదు, అనుభవం ఉన్నవాళ్లకి అలాగే తడుతుంది. కానీ రక్తపరీక్షలో అది లేదని తేలితే అనుకున్నది వదిలేయాలి. జడ్జికి ఆ పరీక్ష, తీర్పుని కారణాలతో సహా కాగితం మీద పెట్టడం. మన సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 20 ప్రకారం, ఇష్యూలు, అంటే తేల్చాల్సిన వివాదాంశాలు, వేసిన దావాలో జడ్జి ప్రతి ఇష్యూ మీదా విడివిడిగా ఏం తేల్చారో, ఎందుకు తేల్చారో రాయాలి. ఊరికే "వాదికి తొమ్మిదో వంతు" అని సంతకం పెట్టి లేచిపోవడానికి లేదు. మనసుకి తట్టినది ఎంత బలంగా తట్టినా సరే, దాన్ని సెక్షనుతో, సాక్ష్యంతో, పై కోర్టు చెప్పిన దానితో కలిపి కుట్టాలి, ఆ కుట్టు ఎక్కడ ఊడిపోయినా ఓడిపోయిన మనిషి వేలు పెట్టి చూపించగలగాలి. ఇంకోటి, ఈ రోజు మీ కేసుకి రాసిన కారణం రేపు అలాంటి కేసులోనే వచ్చే ముక్కూ మొహం తెలియని వాళ్లకి కూడా వర్తించాలి. ఈ రెండు షరతులూ పెట్టుకుని రాయబోతే, మొదట అనుకున్నది రాతకి నిలవక మనసు మార్చుకునే జడ్జీలు ఉంటారు. మనకి అది బయటికి కనపడదు, ఎందుకంటే చివరికి రాసినదే మన చేతికొస్తుంది.

మీ అబ్బాయి పంపిన పరిశోధన సంగతి కూడా చెప్తాను. ఇజ్రాయెల్‌లో పెరోల్ దరఖాస్తుల మీద చేసిన అధ్యయనం అది, 2011లో వచ్చింది. విరామం తర్వాత కూర్చున్న కొత్తలో నూటికి సుమారు 65 దరఖాస్తులు ఒప్పుకున్న జడ్జీలు, మళ్లీ విరామం దగ్గరపడే సరికి దాదాపు ఏదీ ఒప్పుకోలేదని అందులో తేలింది. ప్రపంచమంతా చెప్పుకుంది. తర్వాత దాని మీద గట్టి అభ్యంతరమూ వచ్చింది, ఆ కేసులు ఏ వరసలో పడితే ఆ వరసలో రావడం లేదని, లాయరు లేని ఖైదీల దరఖాస్తులు విరామానికి ముందు చివర్లో వస్తుంటాయని, వాళ్లవి ఎక్కువగా కొట్టేయడానికి ఆకలి కాకుండా అది కారణం కావచ్చని. ఈ గొడవ ఎటు తేలినా, పెరోల్ అనేది జడ్జి విచక్షణకి బాగా వదిలేసిన విషయం. మీ కేసులో ఆ వెసులుబాటు చాలా తక్కువ. 2017లో మీ తీర్పు రాసినాయన కడుపునిండా తిని కూర్చున్నా మిమ్మల్ని కొడుకులతో సమానం చేసే వీలు ఆయనకి లేదు. ఎందుకో చూడండి.

హిందూ వారసత్వ చట్టం 1956 నాటిది. తాతల నాటి ఉమ్మడి ఆస్తిలో మగపిల్లలకి పుట్టుకతో హక్కు ఉండేది, ఆడపిల్లలకి ఉండేది కాదు. మన రాష్ట్రంలో ఎన్టీఆర్ ప్రభుత్వం 1986లో సవరణ తెచ్చి ఆడపిల్లలకీ ఆ హక్కు ఇచ్చింది, 1985 సెప్టెంబర్ 5 నుంచి వర్తించేలా. దేశంలో చాలా రాష్ట్రాల కంటే ముందు చేసిన పని అది. కానీ ఆ తేదీకి ముందే పెళ్లయిన వాళ్లకి వర్తించదన్నారు, 1981లో పెళ్లయిన మీరు ఆ గీతకి అవతల పడ్డారు. తర్వాత 2005లో కేంద్రం మొత్తం దేశానికి సెక్షన్ 6 మార్చింది, 2005 సెప్టెంబర్ 9 నుంచి అమలు, ఇందులో పెళ్లి షరతు లేదు. ఆ సెక్షన్‌లో ముఖ్యమైన వాక్యాన్ని తెలుగులో చెప్పుకుంటే ఇలా ఉంటుంది: ఈ సవరణ అమల్లోకి వచ్చిన నాటి నుంచి, మితాక్షర పద్ధతి ఉమ్మడి కుటుంబంలో, కోపార్సెనర్ కూతురు, కొడుకు ఎలాగో అలాగే, పుట్టుకతోనే తన సొంత హక్కుతో కోపార్సెనర్ అవుతుంది. కోపార్సెనర్ అంటే ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో హక్కున్న మనిషి. మితాక్షర అంటే మన వైపు ఉమ్మడి కుటుంబాలకి వర్తించే పాత హిందూ ధర్మశాస్త్ర పద్ధతి.

ఆ వాక్యం ఇంకోసారి చదవండి, తొందరేం లేదు. "అమల్లోకి వచ్చిన నాటి నుంచి" అని ఒక మాట ఉంది, "పుట్టుకతోనే" అని ఇంకో మాట ఉంది. మొదటిది 2005 నుంచి ముందుకి చూడమంటుంది. రెండోది మీరు పుట్టిన రోజుకి, ఎప్పుడో యాభైల్లోకో అరవైల్లోకో వెనక్కి చూడమంటుంది. పార్లమెంటు రెండూ ఒకే వాక్యంలో పెట్టింది. నాన్న 2005 తర్వాత కూడా బతికి ఉంటే ఇబ్బందే లేదు, రెండు మాటలూ ఒకే దారిలో పోతాయి. మీ నాన్నగారిలా 2001లోనే పోతే? అక్కడ వాక్యం రెండుగా చీలుతుంది, నిఘంటువు తీసి చూస్తే తేలేది కాదు.

2015 అక్టోబరులో ఫూలావతి కేసులో సుప్రీంకోర్టు ఇద్దరు జడ్జీల ధర్మాసనం మొదటి మాటని పట్టుకుంది. చట్టం తానుగా చెప్పకపోతే వెనక్కి పోదు, "నాటి నుంచి" అని స్పష్టంగా ఉంది, కాబట్టి 2005 సెప్టెంబర్ 9 నాటికి బతికున్న కోపార్సెనర్‌కి బతికున్న కూతురైతేనే ఈ హక్కు అంది. ఆ కేసులో తండ్రి 1988లోనే పోయాడు. ఈ వాదనని నేను కొట్టిపారేయను. తండ్రి పోయిన రోజే వారసత్వం తెరుచుకుని ఎవరి వాటా వాళ్లకి చేరిపోయింది, ఇన్నేళ్ల తర్వాత దాన్ని కదిపితే ఊళ్లో ఏ పొలమూ ఖాయంగా ఎవరిదీ కాదు అనే భయంలో న్యాయం ఉంది. 2018 ఫిబ్రవరిలో దానమ్మ కేసు వచ్చింది, అదీ ఇద్దరు జడ్జీల ముందే. అందులో తండ్రి 2001లో పోయాడు, అచ్చం మీలాగే. ఆ ధర్మాసనం ఫూలావతి తీర్పుని ప్రస్తావిస్తూనే కూతుళ్లకి సమాన వాటా ఇచ్చేసింది. దేశంలో కింది కోర్టులన్నీ తల పట్టుకున్నాయి. చివరికి 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో ముగ్గురు జడ్జీల ధర్మాసనం తేల్చింది, తండ్రి 2005 నాటికి బతికి ఉండనక్కర్లేదని.

ఎలా తేల్చిందన్నదే మీ ప్రశ్నకి అసలు జవాబు. "ఆడపిల్లలు పాపం" అని రాసి ఊరుకోలేదు. మితాక్షరలో దాయం, అంటే వారసత్వంగా వచ్చే ఆస్తి, రెండు రకాలు. ఆస్తిగలాయన పోతే గానీ రానిది సప్రతిబంధ దాయం, అంటే మధ్యలో ఒక అడ్డు ఉన్నది. పుట్టడంతోనే వచ్చేది అప్రతిబంధ దాయం, దానికి ఎవరి చావుతోనూ పని లేదు. వందల ఏళ్లుగా కొడుకులకి వస్తున్నది ఆ రెండో రకం. 2005 చట్టం "కొడుకు ఎలాగో అలాగే, పుట్టుకతోనే" అన్నప్పుడు కూతురికీ ఇచ్చింది ఆ రెండో రకమే. మరి తండ్రి ఫలానా రోజున బతికి ఉన్నాడా పోయాడా అనే షరతు పెడితే, పుట్టుకతో వచ్చే హక్కుని మళ్లీ చావుకి ముడిపెట్టినట్టే కదా అని అడిగింది కోర్టు. "నాటి నుంచి" అన్న మాటని కూడా వదిలేయలేదు. హక్కు వాడుకోవడం 2005 నుంచే, కానీ ఆ హక్కుకి ఆధారం పుట్టుక, అది అంతకు ముందే జరిగిపోయింది అని రెండు మాటలకీ చోటు చూపించింది. పాత చట్టంలో తండ్రి పోయినప్పుడు వాటాలు లెక్కించడానికి ఊహించుకునే పంపకం ఒకటి ఉండేది, అది లెక్క కోసం చేసిన కల్పనే గానీ నిజం పంపకం కాదు, దానితో ఉమ్మడి కుటుంబం విడిపోదు అని ఫూలావతి వైపు వాదనకీ బదులిచ్చింది. ఇక పొలాలన్నీ కదిలిపోతాయన్న భయానికి జవాబు చట్టంలోనే ఉంది: 2004 డిసెంబర్ 20కి ముందు జరిగిన అమ్మకాలు, పక్కా పంపకాలు కదలవు.

నాకు వినీతా శర్మ దారే బలంగా కనపడుతుంది, అది మీకు లాభం కాబట్టి కాదు. ఫూలావతి తీర్పు వాక్యంలో ఒక మాటకి ప్రాణం పోసి ఇంకో మాటని చంపేసింది, ఇది రెంటినీ బతికించింది. మంచి తీర్పుకీ బలహీనమైన తీర్పుకీ తేడా నేను ఇలాంటి చోట వెతుకుతాను, ఎవరు గెలిచారన్న దగ్గర కాదు.

ఇప్పుడు మీ జడ్జి గారి దగ్గరికి వద్దాం. రాజ్యాంగం 141వ అధికరణ ప్రకారం సుప్రీంకోర్టు చెప్పిన చట్టం దేశంలో అన్ని కోర్టులూ పాటించాలి. 2017లో ఆయన ముందు ఉన్నది ఫూలావతి ఒక్కటే. మీ మీద ఎంత జాలి ఉన్నా, ఆ తీర్పు తప్పని లోపల ఎంత అనిపించినా, దాన్ని దాటే అధికారం ఆయనకి లేదు. మీ బాబాయి కూతురి కేసు విన్న ఆవిడ ముందు 2018 చివరికి దానమ్మ కూడా ఉంది, ఆవిడ దాన్ని తీసుకున్నారు. నిక్కచ్చిగా మాట్లాడితే, ఒకే సంఖ్య ఉన్న రెండు ధర్మాసనాలు చెరో మాట చెప్తే ముందు వచ్చిన దాన్నే పాటించాలని 2017లోనే ఐదుగురు జడ్జీల రాజ్యాంగ ధర్మాసనం ప్రణయ్ సేథీ కేసులో చెప్పి ఉంది, కాబట్టి ఆ రోజుకి ఆవిడ దారి కొంచెం బలహీనమైనదే. అంటే 2020 తర్వాత వెనక్కి తిరిగి చూస్తే, పద్ధతి ప్రకారం నడిచిన జడ్జి తీర్పు తప్పయింది, సందేహమున్న దారిలో నడిచిన జడ్జి తీర్పు నిలబడింది. మీకు ఇది అన్యాయంగా అనిపిస్తుంది, నాకు తెలుసు. కానీ ప్రతి కింది కోర్టు జడ్జీ తనకి నచ్చని సుప్రీంకోర్టు తీర్పుని పక్కన పెట్టే రోజు వస్తే, ఆడపిల్లల హక్కు నచ్చని జడ్జి రేపు వినీతా శర్మనీ పక్కన పెడతాడు. మిమ్మల్ని 2017లో ఓడించిన కట్టుబాటే ఇప్పుడు మీ అప్పీలు వినే జడ్జిని కూడా కట్టేస్తుంది.

ఆడ జడ్జి కాబట్టి ఇచ్చారన్న మాట కూడా వదిలేయండమ్మా. దానమ్మ కేసులో కూతుళ్లకి వాటా ఇచ్చిన ఇద్దరూ మగవాళ్లే. వినీతా శర్మ తీర్పిచ్చిన ముగ్గురూ, అరుణ్ మిశ్రా గారు, అబ్దుల్ నజీర్ గారు, ఎం.ఆర్. షా గారు, మగవాళ్లే. ఆ నజీర్ గారే 2023లో మన ఆంధ్రకి గవర్నరుగా వచ్చారు. మనుషులు పెరిగిన తీరు వాళ్ల చూపు మీద పనిచేయదని నేననను, పనిచేస్తుంది, అందుకే ధర్మాసనాల మీద రకరకాల మనుషులు ఉండాలి. కానీ కారణాలు చదవకుండా మనిషిని చూసి తీర్పుని కొలిస్తే, మీకు అనుకూలంగా వచ్చిన తీర్పుని కూడా రేపు మీ తమ్ముళ్లు అలాగే కొలుస్తారు.

ఇక్కడ మీరు అడగని ప్రశ్న ఒకటుంది, అప్పీలు నిలబడేది దాని మీదే. 2020లో కోర్టు చట్టం మార్చిందా, లేక 2005 నుంచీ అదే చట్టమా? పాత సిద్ధాంతం ప్రకారం కోర్టులు చట్టం చేయవు, ఉన్నది ఏమిటో చెప్తాయి. కాబట్టి 2020లో చెప్పినది 2005 నుంచీ అలాగే ఉన్నట్టు లెక్క, మధ్యలో ఫూలావతి తప్పుగా చెప్పినట్టు లెక్క. ప్రతిసారీ ఇలాగే అంటే కొన్నిసార్లు దేశం అల్లకల్లోలమైపోతుంది. మన రాజమండ్రి మనిషి కోకా సుబ్బారావు గారు సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా ఉన్నప్పుడు 1967లో గోలక్‌నాథ్ కేసులో అందుకే కొత్త దారి తీశారు: పాత తీర్పులు తప్పే, కానీ మా మాట ఈ రోజు నుంచి ముందుకే, వెనక జరిగిన వాటిని కదపం అని. లేకపోతే అప్పటికి దేశమంతటా జరిగిన భూసంస్కరణలన్నీ చెల్లకుండా పోయేవి. కోర్టు నిజంగా చట్టం చేస్తోందని ఒప్పుకున్నంత పని అది, ఒక తెలుగువాడు తీసుకున్న ధైర్యమైన అడుగు అని నేననుకుంటాను. వినీతా శర్మలో అలాంటి గీత గీయలేదు. పైగా ప్రిలిమినరీ డిక్రీ (ఎవరి వాటా ఎంతో చెప్పేది) అయిపోయినా సరే, ఫైనల్ డిక్రీ (భూమిని విడగొట్టి ఇచ్చేది) దశలో గానీ అప్పీలులో గానీ ఉన్న కేసుల్లో కూతుళ్లకి కొడుకులతో సమానంగా వాటా ఇవ్వాలని విడిగా రాసింది. అప్పీలు అన్న మాట అందులో ఉంది, మీ లాయరు గారికి ఆ పేరా చూపించమనండి. నిజానికి 2011లోనే మన ఆంధ్ర నుంచి వెళ్లిన గండూరి కోటేశ్వరమ్మ కేసులో, ఫైనల్ డిక్రీ కాకముందు చట్టం మారితే వాటాలు సవరించుకోవచ్చని సుప్రీంకోర్టు చెప్పి ఉంది.

జడ్జి సొంత విలువలకి ఎక్కడా చోటు లేదా అంటే, ఉంది. 1889లో న్యూయార్క్‌లో ఒక కేసు, రిగ్స్, పామర్ కేసంటారు. తాత తన పేర వీలునామా రాశాడని తెలిసిన మనవడు, తాత దాన్ని మార్చేస్తాడేమోనని విషం పెట్టి చంపాడు. వీలునామా చట్టం ప్రకారం ఆ కాగితంలో ఏ లోపమూ లేదు, చంపినవాడికి ఆస్తి రాదని ఎక్కడా రాసి లేదు. ఎక్కువమంది జడ్జీలు, తన నేరంతో తానే లాభపడకూడదన్నది చట్టాలన్నిటి అడుగునా ఉన్న సూత్రం అని వాడికి ఆస్తి దక్కనివ్వలేదు. విభేదించిన జడ్జి, శిక్ష ఎంతో శాసనసభ చెప్పింది, దాని మీద ఆస్తి కూడా లాక్కునే శిక్ష మేం కలపలేం అన్నాడు. ఇద్దరూ నిజాయితీగానే రాశారు, ఇద్దరిదీ తర్కమే. మన దగ్గర కూడా 1924లో, బ్రిటిష్ కాలంలో మన కేసులకి ఆఖరి కోర్టయిన ప్రీవీ కౌన్సిల్ హంతకుడికి వారసత్వం లేదని న్యాయం, సమత, మంచి మనస్సాక్షి అనే ఆధారం మీదే చెప్పింది, 1956 చట్టంలో సెక్షన్ 25గా రాసేశాక ఇక ఏ జడ్జీ మనస్సాక్షిని వెతుక్కునే పని లేకుండా పోయింది. ఖాళీ ఉన్న చోట జడ్జి ఎంచుకుంటాడు, తప్పదు. ఆ ఎంపిక చేస్తూ తాను ఎంచుకుంటున్నానని ఒప్పుకుని కారణం రాసేవాడిని నేను నమ్ముతాను, చట్టమే నా చెయ్యి పట్టుకుని రాయించిందన్నట్టు రాసేవాడి దగ్గర జాగ్రత్తగా ఉంటాను.

సరే, మీ కేసులో ఆ ఒక్క చోటు. మీకు వచ్చింది తొమ్మిదో వంతు. ఆ అంకెకి రెండు దారుల్లో రావచ్చు, గమనించారా? ఒక దారి: 1996 పంపకం రుజువు కాలేదు, ఆస్తి ఉమ్మడిదే, కానీ ఫూలావతి వల్ల మీరు కోపార్సెనర్ కాదు. అప్పుడు నాన్న, ఇద్దరు తమ్ముళ్లు తలా మూడో వంతు, నాన్న మూడో వంతులో మీ ముగ్గురికీ సమానంగా, అంటే మీకు తొమ్మిదో వంతు. రెండో దారి: 1996 పంపకం నిజమే, అప్పుడే నాన్న వాటా మూడెకరాలు విడిపోయింది, ఆయన పోయాక అందులో మీకు మూడో భాగం, అదీ ఎకరమే. అంకె ఒకటే, కానీ మొదటి దారిలో వచ్చి ఉంటే 2020తో ఆ అడ్డు పూర్తిగా తొలగింది, మీకు మూడెకరాలు రావాలి. రెండో దారిలో వచ్చి ఉంటే మీ పోరాటం ఇప్పుడు చట్టం మీద కాదు, ఆ పారీకత్తు మీద. ఫలితం చూస్తే ఈ తేడా ఎప్పటికీ తెలియదు, కారణాలు చదివితేనే తెలుస్తుంది. ఊళ్లో కోర్టు కేసుల్లో ఎక్కువ భాగం తేలేది ఇలాంటి నిజానిజాల దగ్గరే, పెద్ద సిద్ధాంతాల దగ్గర కాదు.

పారీకత్తు విషయంలో చట్టం మీకు అనుకూలంగానే ఉంది. 2005 సెక్షన్ ప్రకారం పంపకమంటే రిజిస్టరైన దస్తావేజు, లేదా కోర్టు డిక్రీ. నోటి పంపకాన్ని మామూలుగా ఒప్పుకోకూడదని, అరుదైన సందర్భాల్లో, నమ్మదగ్గ ప్రభుత్వ రికార్డులు దానికి తోడుంటేనే ఆలోచించాలని వినీతా శర్మ చెప్పింది. కాబట్టి 2004 డిసెంబరుకి ముందు నాటి రెవెన్యూ రికార్డులు, అంటే అడంగళ్లు, 1బి, పట్టాదారు పాసుపుస్తకాలు, ఎవరెవరి పేర ఉన్నాయో చూడాలి. నాన్న పోయే దాకా మొత్తం తొమ్మిదెకరాలూ ఆయన పేరే నడిచి ఉంటే, శిస్తు ఆయన పేరే కట్టి ఉంటే, సొసైటీలో పంట రుణం మొత్తం భూమి మీద ఆయనే తీసుకుని ఉంటే, 1996లో పంచుకున్నామన్న మాట నిలవడం కష్టం. అదే 1996 నుంచి ముగ్గురికీ వేరువేరు పాసుపుస్తకాలుంటే, వేరువేరు రుణాలుంటే మీకు గట్టి పోటీ ఉంటుంది, అది మీరు ముందే తెలుసుకోవాలి. నాన్న గానీ తమ్ముళ్లు గానీ ఆ తేదీకి ముందు ఏదైనా ముక్క అమ్మి ఉంటే అది తిరిగి రాదు. ఇంకో సంగతి, పంపకం రుజువు కాలేదని మీ తీర్పులో ఉన్నా సరే ఊపిరి పీల్చుకోవద్దు. తమ్ముళ్లు విడిగా అప్పీలు వేయకపోయినా, మీ అప్పీలులోనే ఆ భాగం తప్పని వాదించుకోవడానికి సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 41 రూల్ 22 వాళ్లకి వీలిస్తుంది.

లాయరు గారిని కలిసినప్పుడు "గెలుస్తామా" అని అడగకండి, ఆ ప్రశ్నకి నిజమైన జవాబు ఎవరి దగ్గరా ఉండదు. తీర్పు కాపీ ముందు పెట్టి, పంపకం మీద వేసిన ఇష్యూకి జడ్జి గారు ఏం తేల్చారు, ఏ ఎగ్జిబిట్ (సాక్ష్యంగా పెట్టిన కాగితం) ఆధారంగా తేల్చారు అని అడగండి. పాత అడంగళ్ల సర్టిఫైడ్ కాపీలు ఇప్పటికే రికార్డులో లేకపోతే అప్పీలులో అదనపు సాక్ష్యంగా పెట్టడానికి అనుమతి అడగాలి, అది ప్రతిసారీ దొరకదు, అందుకే ఆలస్యం చేయొద్దు. పెండింగ్ కేసులు వీలైనంత వరకు ఆరు నెలల్లో తేల్చమని వినీతా శర్మలోనే కోర్టు కోరింది, మీ వయసు కూడా చూపించి ముందుగా విచారణకి తీసుకోమని పిటిషన్ వేయించండి. ఆ ఇష్యూ మీద ఉన్న పేరాలు ఫోటో తీసి, పేర్లు కనపడకుండా చేసి పంపితే, మీది మొదటి దారో రెండో దారో చదివి చెప్తాను.